మానేస్తానంటే ఏమవుతుంది?

కాగితాలు పట్టుకొని సలహాకి వచ్చేవాళ్ళు ముందు జీతం గురించే అడుగుతారు. "దుబాయ్‌లో నెలకు 1,200 దిర్హమ్‌లు అంటున్నారు సార్, పోవచ్చా?" "జంటకు లక్ష అడ్వాన్స్ ఇస్తానంటున్నాడు మేస్త్రీ, తీసుకోవచ్చా?" "రెండేళ్ళు బాండ్ రాయమంటున్నారు, ఒరిజినల్స్ కూడా ఇమ్మంటున్నారు, పర్లేదా?" ముగ్గురినీ నేను తిరిగి అడిగేది ఒక్కటే. చేరిన మూడో నెలలో మీరు మానేస్తానంటే ఏమవుతుంది?

శుభం పలకరా మంకన్నా అంటే ఏదో అన్నాడన్న సామెత గుర్తొచ్చినట్టు మొహం పెడతారు. ఇంకా చేరనేలేదు, మానేయడం మాటేమిటని. కానీ జీతం ఎంత, గది ఉందా, తిండి ఎవరిది అన్న ప్రశ్నలన్నీ కలిపి చెప్పనిది ఈ ఒక్క ప్రశ్న చెప్పేస్తుంది. "ఏముంది, నెల ముందు చెప్పి వచ్చేస్తా" అన్నారంటే అది ఉద్యోగం. జీతం తక్కువైనా, యజమాని నోటి దురుసు మనిషైనా ఉద్యోగమే. "పాస్‌పోర్టు ఆయన దగ్గర ఉంటుంది కదా", "అడ్వాన్స్ తీరేదాకా కదలనివ్వరు కదా" అంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

ఈ ప్రశ్న నా సొంత తెలివేమీ కాదు. ప్రపంచ దేశాల చట్టాలు వందేళ్ళకు పైగా తడుముకొని, తప్పటడుగులు వేసి చేరుకున్నది ఇక్కడికే. ఆ కథ కొంచెం తెలిస్తే మీ చేతిలోని కాగితాన్ని చదివే పద్ధతి మారుతుంది.

బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారాన్ని, 1833లో చాలా వలసల్లో బానిసత్వాన్నే రద్దు చేసింది. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. అవి ముట్టింది బానిసలకు కాదు, యజమానులకు. చెరకు తోటలకు మనుషులు కావాలి కదా, వెంటనే కొత్త పద్ధతి వచ్చింది. మనిషిని కొనరు, అగ్రిమెంటు మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఆ అగ్రిమెంటే కూలీల నోట 'గిర్మిట్' అయింది. 1834 నుంచి మారిషస్‌కు ఓడలు కట్టారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికా తీరాన నాటాల్‌లోని డర్బన్ చేరింది. ఈ ఓడల్లో మన తెలుగువాళ్ళు ఎందరో ఎక్కారు. అటు బర్మా వెళ్ళిన తెలుగు కూలీలకైతే గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరే జాతి పేరైపోయి 'కోరంగీలు' అయ్యారు.

వేలిముద్ర వేసింది వాళ్ళే. కాగితం ప్రకారం ఇష్టపడే వెళ్ళారు. మెలిక బయటికొచ్చే దారిలో ఉంది. నాటాల్‌లో ఒప్పందం 5 ఏళ్ళు, మధ్యలో పని ఎగ్గొడితే జైలు. ఆ 5 ఏళ్ళూ పూర్తి చేసినా, మళ్ళీ ఒప్పందం రాయకుండా స్వేచ్ఛగా అక్కడే బతుకుతానన్నవాళ్ళ మీద 1895 చట్టంతో ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేశారు. 1913లో గాంధీ నడిపిన గని కార్మికుల, తోట కూలీల సమ్మె ఈ పన్ను మీదే. మరుసటి ఏడు అది రద్దయింది.

దేశం దాటనివాళ్ళకూ ఇదే తంతు. 1859లో బ్రిటిష్ వాళ్ళు మన దగ్గర ఒక చట్టం చేశారు. అడ్వాన్స్ తీసుకున్న పనివాడు పని మానేస్తే మేజిస్ట్రేటు ముందుకు ఈడ్చుకురావచ్చు. డబ్బు కట్టు, లేదా పని చెయ్యి, రెండూ కాదంటే జైలు. 1920ల్లో ఆ చట్టం పోయింది. పోయి వందేళ్ళయింది గానీ మేస్త్రీల నోట ఇంకా బతికే ఉంది. "అడ్వాన్స్ తిని పారిపోతావా, పోలీస్ కేసు పెట్టి లోపలేయిస్తా" అన్న బెదిరింపు దాని దయ్యమే. ఇప్పటి చట్టంలో, మొదటినుంచీ మోసం చేయాలనే తీసుకుంటే తప్ప, తీర్చని అడ్వాన్స్ సివిల్ బాకీ. కోర్టులో దావా వేసుకోవచ్చు. దాని పేరు చెప్పి మనిషిని పట్టి పనిలో పెట్టే హక్కు మేస్త్రీకి లేదు, పోలీసుకూ లేదు.

1926 సెప్టెంబరులో జెనీవాలో నానాజాతి సమితి బానిసత్వ ఒడంబడిక చేసింది. ఒక మనిషి మీద ఆస్తి మీద ఉండే అధికారాలన్నీ గానీ, వాటిలో కొన్ని గానీ చెలాయిస్తే అది బానిసత్వమంది. మంచిదే. కానీ గిర్మిట్ కూలీని ఎవరూ 'నా ఆస్తి' అనలేదు కదా. అందుకని 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 29వ నంబరు ఒడంబడిక తెచ్చింది. అందులో ఆస్తి మాటే ఎత్తకుండా వేరే కొలత పెట్టారు: ఏదో ఒక శిక్ష పడుతుందన్న బెదిరింపుతో, తనంతట తాను ముందుకు రాని మనిషి చేత చేయించుకునే పని నిర్బంధ శ్రమ. సైన్యంలో తప్పనిసరి సేవ, కోర్టు శిక్ష వేశాక ప్రభుత్వ పర్యవేక్షణలో చేసే జైలు పని, వరదల్లాంటి ఆపదలో చేసే పని లాంటి కొన్నిటిని మినహాయించారు. వలస పాలకులు తమ రోడ్లకూ రైళ్ళకూ జనాన్ని తోలుకోవడానికి కొంతకాలం వెసులుబాటు కూడా మిగుల్చుకున్నారు, అది వేరే సంగతి. మన దేశం 1954లో దీన్ని ఆమోదించింది.

ఆ కొలతలోని 'శిక్ష' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. కొట్టడం, తాళం వేయడం మాత్రమే శిక్ష అనుకుంటే పొరపాటు. చేసిన పనికి జీతం ఆపేయడం, పోలీసులకు పట్టిస్తాననడం, పాస్‌పోర్టు ఇవ్వననడం, ఊళ్ళో ఉన్న తమ్ముడికి పని దొరకకుండా చేస్తాననడం కూడా దాని కిందికే వస్తాయి. 'ముందుకు రావడం' అన్నదీ చేరిన రోజుతో ముగిసిపోదు. ఇష్టపడి చేరినా, ఆ ఇష్టాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి. నేనడిగే ప్రశ్న ఇక్కడిదే.

పాస్‌పోర్టు సంగతి కొంచెం విడిగా చెప్పాలి. "భద్రంగా ఉంటుంది, లాకర్‌లో పెడతాం" అని తీసుకుంటారు. మన పాస్‌పోర్టు చట్టం ప్రకారం ఆ పుస్తకం ఎప్పటికీ భారత ప్రభుత్వ ఆస్తి. మీదే కాదు, ఇక యజమానిది ఎలా అవుతుంది? సౌదీ, యూఏఈ, ఖతార్ చట్టాలు కూడా యజమాని దాన్ని బలవంతంగా దగ్గర పెట్టుకోవడానికి ఒప్పుకోవు. గొడవ పడనక్కర్లేదు. "సేట్, ఇది నాది కాదు, మా సర్కారుది, పోతే నేను జవాబు చెప్పుకోవాలి" అని మెత్తగా అనండి. ఇవ్వక తప్పకపోతే ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టించుకోండి. మొదటి, చివరి పేజీల ఫొటోలు, వీసా ఫొటో ఇంట్లో అమ్మ ఫోన్‌లోనో భార్య ఫోన్‌లోనో ఉండాలి. మీ ఫోన్‌లో ఉంటే చాలదు. ముందు లాక్కునేది దాన్నే.

ఇక అప్పు. బానిసత్వం ఇప్పుడు ఎక్కువగా దాక్కునేది అప్పు పద్దులోనే. 1956లో ఐక్యరాజ్యసమితి అనుబంధ ఒడంబడిక దీన్ని సూటిగా పట్టుకుంది. అప్పు కింద పని చేస్తున్న మనిషి శ్రమకు సరైన విలువ కట్టి ఆ మేరకు అప్పు తగ్గించకపోయినా, ఎన్నాళ్ళు ఏ పని చేయాలో హద్దు లేకపోయినా అది రుణదాస్యం. అప్పుండటం తప్పని అనలేదు, అప్పు తరగకపోవడాన్ని పట్టుకుంది. ఇంత ఆచరణకు పనికొచ్చే నిర్వచనం అంతర్జాతీయ చట్టాల్లో అరుదు. ఒక నోట్‌బుక్, పెన్సిల్ ఉంటే మీరే పరీక్షించుకోవచ్చు.

ఇటుక బట్టీ పద్దు ఒకటి తీసుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. ఆలుమగలు సీజన్‌కు ముందు లక్ష అడ్వాన్స్ తీసుకున్నారు. వెయ్యి ఇటుకలు కోస్తే 700 రూపాయలు. రోజుకు వెయ్యి చొప్పున వారానికి 6 రోజులు, 6,000 ఇటుకలు, 4,200 రూపాయలు. వారం ఖర్చీ కింద బియ్యానికీ ఉప్పుపప్పుకీ 1,000 తీసుకుంటారు. మిగిలిన 3,200 ఆ వారమే అప్పులోంచి తగ్గాలి. 30 వారాలకు 96,000. సీజన్ ముగిసేసరికి లెక్క దాదాపు చెల్లు. కాగితం మీద చూస్తే అన్యాయమేమీ కనపడదు.

పద్దు పుస్తకం తెరిస్తే కనపడుతుంది. ఖర్చీ మాత్రం వారం వారం ఎర్ర సిరాతో ఎక్కుతుంది. ఇటుకల లెక్క 'సీజన్ ఆఖర్న చూద్దాం'. వాన పడి కరిగిన ఇటుకలు కూలీ ఖాతాలో. పగిలినవి నూటికి పది కోత. పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రి 3,000, అదీ అప్పే. ఇంకొకటి చూడండి: పుస్తకంలో పేరు మొగుడిది ఒక్కటే. మట్టి తొక్కింది, ఇటుక తిప్పింది, ఆరబెట్టింది ఆవిడ. ఆవిడకంటూ ఒక గీత కూడా ఉండదు. జూన్‌లో బండెక్కబోతుంటే ఇంకా 38,000 బాకీ, వచ్చే ఏడు వచ్చి తీర్చు అంటారు.

అందుకే అడ్వాన్స్ తీసుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే పని. మీ పద్దు మీరు రాసుకోండి. చదువు రాకపోతే పిల్లల చేత రాయించండి, అదీ కాకపోతే రోజూ ఇటుక వరసల దగ్గర నిలబడి ఫొటో తీయండి. తేదీ దానంతటదే ఫోన్‌లో పడుతుంది. ఇద్దరి పేర్లూ రాయండి. వారానికోసారి ఖర్చీ తీసుకునేటప్పుడే గుమాస్తాను "నా అప్పు ఇప్పుడెంత?" అని అడగండి. చెప్పిన అంకె రాసుకోండి. పాలమూరు గుంపు మేస్త్రీల వెంట కాలువ పనులకు పోయినవాళ్ళ పిల్లలను అడిగితే తెలుస్తుంది, ఆ అంకె అడగకపోవడం వల్ల ఎన్నేళ్ళు పోయాయో.

ఆ 4,200ను ఇంకో రకంగా కూడా భాగించండి. 6 రోజులు, ఇద్దరు మనుషులు: తలకు రోజుకు 350. ఇది మీ రాష్ట్రంలో ఆ పనికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కన్నా తక్కువా? తక్కువైతే విషయం వేతన బకాయితో ఆగదు. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో మన సుప్రీంకోర్టు, జస్టిస్ పి.ఎన్. భగవతి కలంతో, పెద్ద మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేస్తున్న మనిషి ఆకలి బలవంతం వల్లే చేస్తున్నాడు, అది కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అని. జెనీవాలోని కార్మిక సంస్థ వాళ్ళు పేదరికాన్ని అలా 'శిక్ష'గా లెక్కించలేదు. ఈ ఒక్క విషయంలో మన కోర్టు వాళ్ళకన్నా ముందుకు వెళ్ళింది. మరుసటి ఏడు ఫరీదాబాద్ రాతి క్వారీల కేసులో ఇంకో మెట్టు ఎక్కి, కూలీ చేత బలవంతంగా పని చేయిస్తున్నారని తేలితే ఏదో అడ్వాన్స్ కిందే అని భావించాలి, కాదని చూపించుకోవలసింది యజమాని అంది.

మన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976 నాటిది. అందులో మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. మనిషిని పనికి కట్టిపడేసే అప్పు చట్టం దృష్టిలో రద్దయిపోయింది. రద్దయిన అప్పును వసూలు చేసుకుంటే వసూలు చేసినవాడికి మూడేళ్ళ దాకా జైలు. అది వెట్టి బాకీ కాదని నిరూపించుకునే భారం అప్పిచ్చినవాడిదే, మీది కాదు.

చదువుకున్నవాళ్ళ బాండ్ గురించి రెండు ముక్కలు. ప్రతి కఠినమైన బాండ్‌నూ వెట్టి అని పిలవడం నాకిష్టం లేదు. బట్టీలో ఉన్నవాళ్ళను చిన్నబుచ్చడమే అది. 2025లో ఒక బ్యాంకు అధికారి కేసులో, మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి శిక్షణకు నిజంగా ఖర్చు పెట్టి, తగిన మొత్తం రాయించుకుంటే కట్టవలసి రావచ్చు. కానీ కోర్టు డబ్బు ఇప్పిస్తుంది గానీ మిమ్మల్ని వెనక్కి పంపి పని చేయించదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, స్కాన్ పంపండి. నేనూ మొదటి ఉద్యోగంలో ఇచ్చి, మానేశాక వాటి కోసం ఐదు నెలలు ఒక ఆఫీసు మెట్లు ఎక్కి దిగాను. ఆ మధ్యలో వచ్చిన ఇంకో ఉద్యోగం పోయింది.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు చాలామంది చాలా చెబుతారు కాబట్టి నేను తరచూ జారిపోయేవే చెబుతాను. పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉంటుంది. అంటే గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. దాన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద పంపుతానన్నవాడు మీకు సాయం చేయడం లేదు, మీరు తప్పిపోతే వెతికేందుకు రికార్డు లేకుండా చేస్తున్నాడు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. ఉన్నా అతను తీసుకోగలిగేది మహా అయితే 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రసీదు ఇవ్వనంటే అక్కడే లేచిరండి. తెలంగాణవాళ్ళు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా ఒకసారి అడగండి. 'ఆజాద్ వీసా' అన్న మాట వినగానే జాగ్రత్త పడండి. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒకడు, పని ఇంకొకడి దగ్గర. పట్టుబడితే ఖల్లివెల్లి (సరైన కాగితాల్లేని మనిషి) కింద లెక్క, జీతం ఎగ్గొట్టినా అడిగే నోరుండదు.

ఇంకో లెక్క. ఏజెంటుకు లక్షన్నర కట్టడానికి ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. నెలకు 4,500, ఏడాదికి 54,000 వడ్డీకే. అక్కడ యజమాని తలుపు బార్లా తెరిచి పెట్టినా మీరు రాలేరు. ఆ గొలుసు ఎడారిలో పడింది కాదు, జగిత్యాలలోనో రాజోలులోనో కట్టుకొని విమానం ఎక్కిందే. మానేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇంటి అప్పు కూడా జవాబు చెప్పాలి.

"జెనీవాలో కాగితాలు రాసుకుంటే మనకేం ఒరిగింది" అని ఒక పెద్దాయన నన్నడిగారు. ఖతార్ సంగతి చెప్పాను. 2014లో కార్మిక ప్రతినిధులు, ఆ 1930 నాటి ఒడంబడికను ఖతార్ పాటించడం లేదని అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఫిర్యాదు వేశారు. మూడేళ్ళు నడిచింది. 2017లో ఖతార్ దిగొచ్చి ఒప్పందం చేసుకుంటే ఫిర్యాదు ముగించారు. 2018లో చాలామందికి దేశం విడిచి వెళ్ళడానికి యజమాని అనుమతి అక్కర్లేకుండా పోయింది. 2020లో కంపెనీ మారడానికి పాత కఫీల్ కాగితం కూడా అక్కర్లేదన్నారు. అమల్లో లొసుగులున్నాయి, నాకు తెలుసు. అయినా దోహాలో వెల్డింగ్ చేసే కుర్రాడు ఇప్పుడు కంపెనీ మారగలిగితే దాని మూలం ఆ పాత కాగితంలో ఉంది. ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళు, అక్కడివాళ్ళు ఖద్దామా అనేవాళ్ళు, చాలా గల్ఫ్ దేశాల్లో మామూలు కార్మిక చట్టం బయటే ఉండిపోయారు. వాళ్ళకు విడి చట్టాలు ఉన్నా బలం తక్కువ. కువైట్ పోయే అక్కచెల్లెళ్ళు రాయబార కార్యాలయం నంబరు కంఠతా పెట్టాలి, ఫోన్‌లో కాదు. విదేశాల్లోని భారతీయ కార్మికుల కోసం మన ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800 11 3090. ఇంట్లోవాళ్ళు ఇక్కడినుంచే 'మదద్' వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఈమధ్య కొత్త రకం వచ్చింది. డేటా ఎంట్రీ, కంప్యూటర్ ఉద్యోగం, నెలకు 80 వేలు అని థాయిలాండ్, కంబోడియా పిలుస్తారు. చేరాక ప్రహరీ లోపల కూర్చోబెట్టి మన ఊళ్ళవాళ్ళకే ఫోన్లు చేయించి మోసం చేయిస్తారు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టింది ఇదే. 2025 మార్చిలో మయన్మార్ నుంచి బయటపడ్డ 500 మందికి పైగా భారతీయులను థాయ్ సరిహద్దు నుంచి వాయుసేన విమానాల్లో తెచ్చారు. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం ఉండదు, ఇంటర్వ్యూలో టైపింగ్ స్పీడు తప్ప ఏమీ అడగని 80 వేల జీతమూ ఉండదు. చిక్కుకొని బయటపడ్డవాళ్ళు నేరంలో ఇరుక్కుంటామని దాక్కోకండి. బలవంతం మీద చేసిన తప్పులకు బాధితుల మీద కేసులు పెట్టకుండా వదిలేసే వీలు అధికారులకు ఉండాలని 29వ ఒడంబడికకు 2014లో చేర్చిన అనుబంధంలో ఉంది. ఈ సంగతి వకీలుకు ముందే చెప్పండి.

చివరగా, ఇక్కడే మన జిల్లాలోనే ఇరుక్కుంటే. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు లేదా ఆర్డీవోకు. తెల్ల కాగితం చాలు. ఎవరెవరు, ఏ ఊరివాళ్ళు, ఎప్పుడు వచ్చారు, ఎంత అడ్వాన్స్, పని ఏమిటి, చేతికి ఎంత ఇస్తున్నారు, మానేస్తామంటే ఏమన్నారు. ఆ చివరి మాట అన్నవాడు అన్నట్టుగానే రాయండి, మర్యాదగా మార్చకండి. బయటికి రాలేకపోతే బంధువులు ఇవ్వవచ్చు. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవల వాళ్ళు ఉచితంగా వకీలును చూస్తారు.

అధికారులు వచ్చినప్పుడు ఒక తంతు జరుగుతుంది, సిద్ధంగా ఉండండి. యజమాని చేతులు కట్టుకొని నిలబడతాడు, ఎవరో మధ్యవర్తి వస్తాడు, "దారిఖర్చులు ఇప్పిస్తాం, కేసులెందుకు, ఇంటికి పొండి" అంటారు. నెలల తరబడి ఇల్లు చూడని మనిషికి అది వరంలా వినపడుతుంది. ఆ రాత్రి రైలెక్కేస్తే అప్పు అలాగే ఉంటుంది, మేస్త్రీ వచ్చే ఏడు ఇంటికే వస్తాడు. విచారణ జరిపి విముక్తి పత్రం ఇవ్వమనండి. అప్పు రద్దయిందనడానికి మీ దగ్గరుండే రుజువు అదొక్కటే. తక్షణ సాయం 30 వేల దాకా, ఆ తరవాత కేసును బట్టి వచ్చే పునరావాసం మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకూ పిల్లలకూ 2 లక్షలు, అన్నిటికీ అడిగేది ఆ పత్రమే. అది కుటుంబానికి ఒకటి కాదు, మనిషికి ఒకటి. బట్టీ పుస్తకంలో ఆవిడ పేరు లేదు కదా, దాన్ని చూసి రాసే గుమాస్తా ఇక్కడా వదిలేస్తాడు. ఆవిడ పేరు మీద విడిగా పత్రం ఉందో లేదో, ముద్ర, తేదీ పడ్డాయో లేదో చూసుకొని బండెక్కండి.